అడవును జిఫ్ చేస్తే తాళం తప్పుతోంది, ఫొటోషాప్‌లో ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?

గజ్జెలమోత

అందరికీ నమస్కారం. నేను కాకినాడలో పిల్లలకు కూచిపూడి నేర్పిస్తాను. ఇరవై మంది దాకా వస్తారు, మరో ఆరుగురు ఆన్‌లైన్‌లో నేర్చుకుంటున్నారు. క్లాసులో బాగానే చేస్తారు. ఇంటికెళ్లి సాధన మొదలుపెట్టగానే కాలు ముందు లేవాలా, చెయ్యి ముందు తిరగాలా అన్న దగ్గర ఆగిపోతారు. వీడియో పంపిస్తే ఒకసారి చూసి పక్కన పెట్టేస్తున్నారు. అదే అడవు, అంటే నాట్యంలో కాళ్లూ చేతుల కదలికల వరుస, ఎక్కడా నొక్కే పని లేకుండా కళ్లముందు తిరుగుతూ ఉంటే, దాని పక్కన నిలబడి చేసుకుంటారు కదా అనిపించింది. ఒక్కో అడవుకు ఒక్కో జిఫ్ (తనంతట తాను తిరిగే కదిలే బొమ్మ) చేసి పాఠాల పేజీలో పెట్టాలని కూర్చున్నాను.

ఫోనులో తీసిన వీడియోను ఫొటోషాప్‌లోకి తెచ్చి, రెండు ఫ్రేములకు ఒకటి చొప్పున తీసుకుని సేవ్ చేశాను. ఎనిమిది సెకన్ల ముక్క 90 ఎంబీ దాటింది. ఎర్ర పట్టుచీర మీద చుక్కలు చుక్కలుగా మచ్చలు వచ్చాయి. ఇవి ఎలాగో సర్దుకుంటాను గానీ, తాళం నన్ను బాగా బాధపెడుతోంది. తాళం కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బలకు పెట్టుకుని ఆది తాళం ఒక ఆవర్తనం, అంటే ఎనిమిది మాత్రల చుట్టు ఒకటి, సరిగ్గా 8 సెకన్లు చేశాను. జిఫ్ పక్కన మళ్లీ అదే మెట్రోనోమ్ పెడితే రెండో ఆవర్తనానికే అడుగు వెనకబడుతోంది. పిల్లలకు తప్పు తాళం చూపించలేను. ఎవరైనా దారి చెప్పండి.

పిక్సెల్ పంతులు

గజ్జెలమోత గారూ, నేను విజయవాడలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను, పదిహేనేళ్లుగా ఫొటోషాప్ ముందే నా బతుకు. మీ వీడియో సెకనుకు 30 ఫ్రేములది అయి ఉంటుంది. అవునా? ఇంపోర్ట్ అయ్యాక టైమ్‌లైన్‌లో ఒక్కో బొమ్మ కింద ఎంత అంకె పడింది?

గజ్జెలమోత

అవునండి, 30. బొమ్మల కింద 0.07 అని ఉంది. మొత్తం 120 ఫ్రేములు వచ్చాయి.

పిక్సెల్ పంతులు

మీ తాళం జారింది అక్కడే.

జిఫ్ ఫైలులో ప్రతి ఫ్రేము ఎంతసేపు నిలవాలో రాసి ఉంటుంది. ఆ కొలత సెకనులో వందో వంతు. 6 అని రాయొచ్చు, 7 అని రాయొచ్చు, ఆరున్నర అని రాయడానికి చోటు లేదు. 30 ఫ్రేముల వీడియోలో ఒకటి విడిచి ఒకటి తీస్తే సెకనుకు 15 మిగులుతాయి. ఒక్కోటి 6.67 వందో వంతులు నిలవాలి. అది 7 అయిపోతుంది. మీ 120 ఫ్రేములను 7తో హెచ్చవేయండి: 840, అంటే 8.4 సెకన్లు. ఒక్క ఆవర్తనానికే దాదాపు అర మాత్ర వెనక.

మీరు ఒక్క ఫ్రేమూ వదలకుండా తీసుకుని ఉంటే ఉల్టాగా జరిగేది. 240 ఫ్రేములు, ఒక్కోటి 3. మొత్తం 7.2 సెకన్లు, తాళం కంటే పరుగు. సినిమా లెక్కన 24 ఫ్రేముల్లో తీసినా 4.17ని 4 చేస్తుంది, 8 సెకన్లు 7.68 అవుతాయి.

అదే ఇంపోర్ట్ పెట్టెలో లిమిట్ టు ఎవ్రీ అన్నచోట 3 పెట్టండి. సెకనుకు 10 ఫ్రేములు, ఒక్కోటి 0.1, ఎక్కడా తేడా ఉండదు. 80 ఫ్రేములు, 8 సెకన్లు. ఫైలు కూడా ఆ మేరకు తగ్గుతుంది.

హాస్టల్ రూమ్ 14

అక్కా, సెకనుకు 10 అంటే పాదం తట్టే క్షణం దొరక్కపోవచ్చు. మీరు ఇప్పటికే తీసిన 120 ఫ్రేములను కూడా కాపాడుకోవచ్చు. మూడు ఫ్రేములు కలిసి 0.2 సెకను నిలవాలి కదా. అందుకని 7, 7, 6 అని వరుసగా పెట్టండి. మూడూ కలిపితే 20. అలాంటి గుంపులు 40, మొత్తం 800. సరిగ్గా 8 సెకన్లు. కంట్రోల్ నొక్కి పట్టుకుని ప్రతి మూడో ఫ్రేమునూ ఎంచుకుని, వాటికి ఒకేసారి 0.06 ఇచ్చేయండి. ఆ వందో వంతు తేడా కంటికి ఆనదు.

గజ్జెలమోత

తమ్ముడూ, ఇప్పుడే చేసి చూశాను. మెట్రోనోమ్‌తో ఇరవై ఆవర్తనాలు నిలబడింది! నలభై ఫ్రేములు ఎంచుకోవడానికి అయిదు నిమిషాలు పట్టింది, అంతే. నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

ఇంకొక మాట. ద్రుతంలో చేసిన అడవుకు ఇంకా వేగంగా కనిపించాలని ఫ్రేములకు 0.01 ఇచ్చాను. బ్రౌజర్‌లో అది నత్తలా నడుస్తోంది. ఎందుకు?

పిక్సెల్ పంతులు

బ్రౌజర్లు 0, 1 అన్న విలువలను నమ్మవు. అలా కనిపిస్తే 0.1గా మార్చి ఆడిస్తాయి. అందుకే పదింతలు నెమ్మదైంది. 0.02 కంటే కిందికి దిగొద్దు. వేగం కావాలంటే ఫ్రేములు తగ్గించాలి గానీ, అంకెను నలపకూడదు.

ఇక బరువు సంగతి. అందరూ సేవ్ చేసే కిటికీలోకి వెళ్లి అక్కడి అంకెలతో కుస్తీ పడతారు. నా అనుభవంలో బరువు కెమెరా దగ్గరే సగం తేలిపోతుంది. జిఫ్ ముందు ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మారిన చుక్కలనే దాచుకోగలదు. మారనివాటిని పారదర్శకంగా వదిలేస్తుంది. ఫోను చేతిలో పట్టుకుని తీశారనుకోండి, గోడ కూడా వణుకుతుంది, ప్రతి ఫ్రేములో ప్రతి చుక్కా మారినట్టే లెక్క. స్టాండు మీద పెట్టి తీస్తే గోడ ఒక్కసారే దాచుకుంటుంది, మీరు మాత్రమే కదులుతారు.

ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. మీరు ముందుకు రాగానే ఫోను తనంతట తాను వెలుతురు తగ్గిస్తే గోడ రంగంతా మారుతుంది, స్టాండు పెట్టిన ఫలితం పోతుంది.

ఆ తర్వాత సేవ్ ఫర్ వెబ్ కిటికీ. వెడల్పు 480 కంటే అక్కర్లేదు. 1920 వెడల్పుతో సేవ్ చేసి ఉంటారు, 90 ఎంబీ అందుకే. లూపింగ్ దగ్గర ఫరెవర్ ఉందో లేదో చూడండి, లేకపోతే ఒక్కసారి ఆడి ఆగిపోతుంది. ఇంపోర్ట్‌లో ఒకేసారి 500 ఫ్రేములకు మించి రావన్నది గుర్తుంచుకోండి, పొడవైన వీడియో అయితే ముందే ముక్క కోసుకోవాలి.

చీరాల మగ్గం

రంగుల గురించి నేను చెబుతాను. మా ఇంట్లో నేసే చీరలను ఆన్‌లైన్‌లో అమ్ముతాను. కొంగు గాలికి కదులుతూ జరీ మెరిసేలా చిన్న జిఫ్‌లు చేస్తుంటాను. రంగు తేడా వస్తే చీర వెనక్కి వస్తుంది కాబట్టి ఈ విషయంలో చాలా కష్టపడ్డాను.

జిఫ్‌లో ఒక ఫ్రేముకు 256 రంగులే. ఎర్ర పట్టులోనే మడత మడతకూ వందల ఛాయలు ఉంటాయి, పైన జరీ, గోడ నీడలు, చర్మం రంగు, అన్నీ ఆ 256లోనే సర్దుకోవాలి. లేని ఛాయను ఉన్న రెండు రంగుల చుక్కలు కలిపి చూపించడాన్ని డిథర్ అంటారు. మీకు కనిపించిన చుక్కలు అవే. డిథర్ రకాల్లో డిఫ్యూజన్ పెడితే ఒక్క ఫ్రేములో అందంగా ఉంటుంది, కానీ ఫ్రేము మారినప్పుడల్లా చుక్కల చోటు మారి బట్ట మీద చీమలు పాకినట్టు ఉంటుంది. ప్యాటర్న్ పెట్టి చూడండి. చుక్కలు ఒకే గడిలో కుదురుగా ఉంటాయి, కదలిక ప్రశాంతంగా కనిపిస్తుంది. డిథర్ మొత్తం తీసేస్తే ఫైలు ఇంకా చిన్నదవుతుంది, ఎందుకంటే జిఫ్ ఒకే రకం చుక్కల వరుసలను తేలిగ్గా కుదిస్తుంది, చెదిరిన చుక్కలను కుదించలేదు. కాకపోతే పట్టు మీద మెట్లు మెట్లుగా పట్టీలు పడతాయి.

నా సలహా అయితే గోడ దగ్గర మొదలుపెట్టండి. వెనక ఒకే రంగు దుప్పటి కట్టండి, సమంగా వెలుతురు పడేలా చూడండి. గోడ మరకలకూ నీడలకూ రంగులు ఖర్చు కాకపోతే అవన్నీ మీ చీరకు మిగులుతాయి. నేను మా జిఫ్‌లకు లేత బూడిద రంగు బట్ట వాడతాను. ఇంకొకటి, చిన్న గళ్ల బట్ట కట్టుకుని తీయకండి. సైజు తగ్గించినప్పుడు గళ్ల మీద లేని అలలు పుడతాయి.

పిక్సెల్ పంతులు

చీరాల వారు చెప్పినదానికి తోడు ఒక పని చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టమైన పద్ధతి. మొదటి ఫ్రేము లేయర్‌ను కాపీ చేసి అన్నిటికంటే పైన పెట్టండి. దానికి మాస్క్ వేసి, మీరు కదిలే చోటంతా నల్ల బ్రష్‌తో తుడిచేయండి. ఆ లేయర్ అన్ని ఫ్రేముల్లోనూ కనిపించాలి. ఇప్పుడు గోడ, నేల అంచు నిజంగానే కదలవు, వెలుతురు మిణుకుమన్నా కనబడదు. తుడిచేటప్పుడు మీ నీడను కూడా లోపలికి తీసుకోండి, లేదంటే నేల మీద సగం నీడ గడ్డకట్టి ఉండిపోతుంది.

ఫొటో అంతా నిశ్చలంగా ఉండి ఒక్క చోటే కదిలే సినిమాగ్రాఫ్‌ల వెనక ఉన్న కిటుకు కూడా ఇదే. 2011లో న్యూయార్క్‌లో జేమీ బెక్, కెవిన్ బర్గ్ అనే ఇద్దరు ఆ పేరు పెట్టి చేయడం మొదలుపెట్టారు. పెళ్లి ఆల్బమ్ పని మీద వచ్చినవాళ్లకు నేను ఒకటి చేసి చూపిస్తుంటాను, తలంబ్రాలు మాత్రమే రాలుతూ, మిగతాదంతా ఫొటోలా. అది చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు.

డాలస్ అమ్మ

మా అమ్మాయి కూడా ఆన్‌లైన్‌లో కూచిపూడి నేర్చుకుంటోంది, కాబట్టి ఈ చర్చ నాకు చాలా దగ్గరగా ఉంది. ఒక అనుమానం. మా గురువుగారు ఇండియా నుంచి పంపే క్లిప్పుల్లో ట్యూబ్‌లైటు వెలుగు అలలు అలలుగా కదులుతుంది. మేం ఇక్కడ అదే ఫోనుతో తీస్తే అలా రాదు. జిఫ్ చేస్తే ఆ అలలు ఇంకా ఎక్కువ కనిపిస్తున్నాయి.

పిక్సెల్ పంతులు

అది ఫోను తప్పు కాదమ్మా, కరెంటుది. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, మీ దగ్గర 60. ట్యూబ్‌లైటు సెకనుకు దానికి రెట్టింపు సార్లు మిణుకుతుంది. ఇక్కడ 30 ఫ్రేముల్లో తీస్తే రెండిటికీ పొంతన కుదరదు. 25 ఫ్రేములు, షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే అలలు ఆగిపోతాయి.

గజ్జెలమోత గారూ, ఇది మీకు రెండు విధాలా లాభం. 25 ఫ్రేముల్లో తీస్తే ఒక్కో ఫ్రేము సరిగ్గా 0.04. ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే సరిగ్గా 0.08. మీ 8 సెకన్లకు నిండుగా 100 ఫ్రేములు. 7, 7, 6 లెక్క అవసరమే ఉండదు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, కెమెరా, రికార్డ్ వీడియోలో పాల్ ఫార్మాట్లు చూపించమని పెడితే 25 కనిపిస్తుంది. అక్కడే కెమెరా ఫార్మాట్లలో మోస్ట్ కంపాటిబుల్ పెట్టుకోండి. హై ఎఫిషియెన్సీలో తీసిన ఫైళ్లు కొన్ని కంప్యూటర్లలో ఫొటోషాప్‌లోకి రావు. ఆండ్రాయిడ్‌లో అయితే ప్రో మోడ్‌లో ఉందేమో చూడండి.

డాలస్ వారు మాత్రం 30లోనే తీసి మూడింటికి ఒకటి చొప్పున తీసుకోండి, మీ కరెంటుకు అదే సరిపోతుంది.

హాస్టల్ రూమ్ 14

పంతులు గారూ, ఫోను వీడియోల్లో ఇంకో చిక్కు ఉంది. 30 అని రాసి ఉన్నా చాలా ఫోన్లు వెలుతురును బట్టి 28, 29 అని మారుస్తూ తీస్తాయి. ముందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియోలు మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేసి కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ (వేగం మారకుండా) పెట్టి మార్చుకుంటే, తర్వాత లెక్క తప్పదు. నా ప్రాజెక్టులో ఇది తెలియక రెండు రోజులు పోయాయి.

పాత క్యాసెట్

ఇక్కడ తాళం గురించి ఇంత శ్రద్ధగా మాట్లాడుతున్నారని నేను కూడా అడుగుతున్నాను. మా మేనత్త గుడి ఉత్సవంలో చేసిన నాట్యం టేపు మీద ఉండేది, దాన్ని డీవీడీ చేయించాం. ఆవిడ ఇప్పుడు లేరు. ఆవిడ మెడ తిప్పే తీరు ఒక్కటి, మూడు సెకన్లు, జిఫ్‌గా చేసి మా ఇంటివాళ్ల ఫోన్లలో పెట్టాలని ఉంది. ఫొటోషాప్‌లో ఫ్రేములు చూస్తే చేతులు కదిలిన చోటల్లా దువ్వెన పళ్లలా గీతలు ఉన్నాయి. మనిషి కూడా కొంచెం సన్నగా కనిపిస్తున్నారు.

పిక్సెల్ పంతులు

బాబూ, రెండూ సరిచేయొచ్చు. అప్పటి వీడియోలో ఒక ఫ్రేము అంటే రెండు సగాలు. బేసి గీతలు ఒక క్షణానివి, సరి గీతలు సెకనులో యాభయ్యో వంతు తర్వాతివి. టీవీలో తెలిసేది కాదు, కంప్యూటర్‌లో ఆపి చూస్తే దువ్వెన కనిపిస్తుంది. ఫొటోషాప్‌లో ఆ దువ్వెన గీతలు పోగొట్టే డీ-ఇంటర్‌లేస్ ఫిల్టర్ ఉంది గానీ, ఒక్కో లేయర్‌కూ వేసుకుంటూ కూర్చోవాలి. హ్యాండ్‌బ్రేక్‌లోనే డీ-ఇంటర్‌లేస్ పెట్టి కొత్త ఫైలు చేసుకుని, దాన్ని ఫొటోషాప్‌లోకి తెండి.

సన్నగా కనిపించడానికి కారణం, మన డీవీడీ బొమ్మ 720, 576 చుక్కలది, ఆ చుక్కలు నలుచదరం కావు. పాత టీవీ ఆకారం వీడియో అయితే వెడల్పును 768కి సాగదీయండి, మేనత్త గారు తమ రూపంలోకి వస్తారు. అది 25 ఫ్రేముల వీడియో కాబట్టి వేగం కూడా ఏమీ మారదు. పాత టేపుల్లో గింజలు గింజలుగా మసక ఉంటుంది, సైజు తగ్గించే ముందు కొద్దిగా నాయిస్ తగ్గించండి, ఎక్కువ తగ్గిస్తే ముఖం మైనంలా అవుతుంది. ఆవిడ ముఖం మీద ఆ పని చేయొద్దు.

పాత క్యాసెట్

చేశాను. మా అమ్మ అరగంట నుంచి ఫోను కింద పెట్టలేదు. మీకు చాలా రుణపడి ఉన్నాను.

వెన్నెల పేజీ

ఇదంతా చదివాక ఒక ప్రశ్న. ఇంత కష్టపడి జిఫ్ ఎందుకు? ఎంపీ4 పెడితే రంగులు పూర్తిగా ఉంటాయి, ఫైలు పదో వంతు కూడా ఉండదు. వాట్సాప్‌లో జిఫ్ అని కనిపించేది కూడా లోపల శబ్దం లేని ఎంపీ4నే కదా.

పిక్సెల్ పంతులు

మీ మాట న్యాయమైనదే. ఎంపీ4 కదలికను అంచనా వేసి కుదిస్తుంది, జిఫ్‌కు ఆ తెలివి లేదు. అది 1987లో కంప్యూసర్వ్ అనే సంస్థ బొమ్మల కోసం చేసిన ఫార్మాటు, ఆగకుండా తిరిగే సదుపాయం 1995లో నెట్‌స్కేప్ బ్రౌజర్‌తో వచ్చింది. పేజీ మీ చేతిలో ఉంటే ఎంపీ4 పెట్టుకోవడమే మేలు.

గజ్జెలమోత

వెన్నెల పేజీ గారూ, నా అవసరం వేరండి. నా పాఠాలు పవర్‌పాయింట్‌లో, ఈమెయిల్‌లో, ఒక్కోసారి తల్లిదండ్రుల పాత ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటాయి. బొమ్మ పెట్టినట్టు పెడితే ఆడాలి, ఏ బటనూ నొక్కకూడదు. అది జిఫ్‌తోనే కుదురుతోంది.

డాలస్ అమ్మ

ఈమెయిల్ అంటే ఒక జాగ్రత్త. అవుట్‌లుక్ పాత డెస్క్‌టాప్ వెర్షన్లు మొదటి ఫ్రేము మాత్రమే చూపిస్తాయి. అందుకని మొదటి ఫ్రేములో అడవు మొదలయ్యే భంగిమ స్పష్టంగా ఉండేలా చూసుకోండి. ఇంకొకటి, పిల్లలతో చేయించి తీస్తే వాళ్ల అమ్మానాన్నలను అడక్కుండా పేజీలో పెట్టకండి, జిఫ్ ఒకసారి బయటికి వెళితే ఎక్కడెక్కడికో పోతుంది.

గజ్జెలమోత

తప్పకుండా అండి. అందుకే అన్నీ నేనే చేస్తున్నాను, పిల్లలవి ఒక్కటీ లేవు.

కొత్తగా తీశాను. 25 ఫ్రేములు, స్టాండు, వెనక బూడిద రంగు దుప్పటి. రెండో కాలం (రెట్టింపు వేగం), 4 సెకన్లు, 50 ఫ్రేములు, వెడల్పు 360, 128 రంగులు, ప్యాటర్న్ డిథర్. పైన గడ్డకట్టిన గోడ లేయర్. మొత్తం 2 ఎంబీలోపే! ఎర్ర చీర ఎర్రగానే ఉంది.

రెండు చిక్కులు మిగిలాయి. లూపు తిరిగే చోట చిన్న కుదుపు ఉంది. దాన్ని పోగొట్టడానికి ఫ్రేములను వెనక్కి కూడా ఆడిస్తే కుదుపు పోయింది గానీ అడవు చెడిపోయింది. కాలు పైకి లేచి తట్టే బదులు, తట్టి పైకి లేస్తున్నట్టు ఉంది. అది చూసి నేర్చుకుంటే తప్పే నేర్చుకుంటారు. రెండోది, కింద "తకధిమి" అని రాస్తే తెలుగు అక్షరాలు విడివిడిగా, ఒత్తులు గుడులు విరిగి వస్తున్నాయి. పైగా మొదటి ఫ్రేములో తప్ప మిగతా వాటిలో కనబడటం లేదు.

హాస్టల్ రూమ్ 14

అక్కా, అక్షరాల సంగతి. ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గరికి వెళ్లి టెక్స్ట్ ఇంజన్ వరల్డ్ రెడీ పెట్టండి. కొంచెం పాత వెర్షన్‌లో అది మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. ఫొటోషాప్ మూసి తెరిచి, కొత్తగా టైపు చేయండి. రామభద్ర లాంటి లావు ఫాంటు వాడండి. సన్నని గీతల ఫాంటు 360 వెడల్పులో కరిగిపోతుంది. అక్షరాల వెనక మెత్తటి నీడ వద్దు, రంగులన్నీ అదే తినేస్తుంది.

టెక్స్ట్ లేయర్‌ను అన్నిటికంటే పైన పెట్టి, మొదటి ఫ్రేము ఎంచుకుని, టైమ్‌లైన్ మెనూలో మ్యాచ్ లేయర్ అక్రాస్ ఫ్రేమ్స్ నొక్కితే అన్నింటిలోకీ వస్తుంది.

అన్నట్టు ఫొటోషాప్ లేనివాళ్లు గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇదంతా చేయొచ్చు, నేను అదే వాడతాను. గింప్ వీడియోను నేరుగా తెరవదు కాబట్టి, ముందు ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌తో ఫ్రేములను విడి బొమ్మలుగా తీసుకోవాలి. 001, 002 అని సున్నాలతో పేర్లు ఉంటే వరుస తప్పదు. ఓపెన్ యాజ్ లేయర్స్‌తో తెరవండి, అట్టడుగు లేయరే మొదటి ఫ్రేము. లేయర్ పేరు చివర బ్రాకెట్లలో 80 మిల్లీ సెకన్లు అని రాస్తే అంతసేపు నిలుస్తుంది. యానిమేషన్ ఫిల్టర్లలో ఆప్టిమైజ్ ఫర్ జిఫ్ నడిపి, ఎగుమతి చేసేటప్పుడు యాజ్ యానిమేషన్ టిక్కు పెట్టడం మరిచిపోకండి.

పిక్సెల్ పంతులు

కుదుపు గురించి. మీ చివరి ఫ్రేమూ మొదటి ఫ్రేమూ ఒకే భంగిమ అయి ఉంటుంది. ఒకటి తీసేయండి. అదే భంగిమ రెండుసార్లు నిలిస్తే కాలు తడబడినట్టు కనిపిస్తుంది. అరమండిలో (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్న భంగిమలో) మొదలై అరమండికే వచ్చే అడవు కాబట్టి అతుకు వేయడం తేలిక. ఒక ఆవర్తనం మాత్రమే తీయకండి, వరుసగా నాలుగు చేసి మధ్యలోని రెండోదో మూడోదో తీసుకోండి. మొదటిదానిలో ఒళ్లు సర్దుకుంటూ ఉంటుంది, చివరిదానిలో ఆగబోతున్నట్టు ఉంటుంది.

ఫ్రేము తీసేశాక 50 ఉండాలి, 49 కాదు. అంటే 51 తెచ్చుకుని ఒకటి తీయాలి.

గజ్జెలమోత

మూడో ఆవర్తనం తీసుకున్నాను, 51లో ఒకటి తీశాను. అతుకు ఎక్కడుందో నేనే కనిపెట్టలేకపోతున్నాను. అక్షరాలు కూడా కుదిరాయి.

దీన్ని నిన్న మా గురువుగారికి పంపాను. డెబ్బై దాటిన మనిషి. నలభై నిమిషాల తర్వాత ఫోను చేశారు. "ఆగకుండా చూశానమ్మా. నాలుగో తట్టుకు నీ ఎడమ మడమ ఆలస్యంగా లేస్తోంది, ఇన్నాళ్లూ క్లాసులో నా కంటికి దొరకలేదు" అన్నారు. ఫొటోషాప్‌లో ఫ్రేము ఫ్రేమూ నడిపి చూశాను. 31వ ఫ్రేములో లేవాల్సిన మడమ 33లో లేస్తోంది. నిజమే.

రేపు పొద్దున మడమ సరిచేసుకుని మళ్లీ తీస్తున్నాను. పేజీలో అదే పెడతాను.